పన్నెండు వెడల్పుల పందెం పడవ

నికోబార్ దీవుల హోడీ పడవ కొలత నోటిలెక్కలో తేలిపోతుంది. వెడల్పు ఎంతో, దానికి పన్నెండింతలు పొడవు. చెక్కడానికి తెచ్చే మాను మాత్రం ఆ వెడల్పుకు పదిహేనింతలు ఉండాలి. తేడా అంతా చెక్కుడులో పోయే తరుగు. భౌగోళిక గుర్తింపు కోసం పెట్టిన దరఖాస్తులో ఈ లెక్క కాగితం మీదికెక్కింది గానీ, తరతరాలుగా అది బాడిస పట్టిన చేతుల్లోనే ఉంది.

హోడీతో కొబ్బరికాయలు మోస్తారు, చేపలు పడతారు, దీవి నుంచి దీవికి మనుషుల్ని దాటిస్తారు, పందేలు వేస్తారు. ఊరికీ ఊరికీ, దీవికీ దీవికీ మధ్య జరిగే ఆ పందేల్లో ఓడినా గెలిచినా అది ఒక్కడి పేరు మీద పోదు. పడవ తుహేత్‌ది. ఒక పెద్ద కింద ఉమ్మడిగా బతికే కుటుంబాల సమూహమే తుహేత్. భూమిలాగే హోడీ కూడా వాళ్ల ఉమ్మడి ఆస్తి.

ఈ పడవను కళ్లారా చూడటం మనకు అంత తేలిక కాదు. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధన వల్ల నికోబార్‌లో బయటివాళ్లు అడుగుపెట్టాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. ఆ నిబంధన ఉండాల్సిందే. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో నూటికి పదమూడు మంది తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడ్డ కుటుంబాలెన్నో. వాళ్లలో కూడా చాలామందికి హోడీ తెలిసేది నమూనా రూపంలోనే. అందుకే నమూనా అబద్ధం చెప్పకూడదు అంటాను.

నికోబార్ వస్తువులు దూరదేశాల అద్దాల బీరువాల్లోకి చేరిన కథ పాతది. 1869 నుంచి 1901 దాకా అండమాన్ నికోబార్‌లో బ్రిటిష్ అధికారిగా పనిచేసిన ఎడ్వర్డ్ హొరేస్ మ్యాన్ 1870ల్లోనే అక్కడి సామగ్రిని లేన్ ఫాక్స్ అనే సేకర్తకు పంపాడు. లేన్ ఫాక్స్ తర్వాత పెట్టుకున్న పేరే పిట్ రివర్స్; ఆ పేరుతో ఆక్స్‌ఫర్డ్‌లో 1884లో వెలిసిన మ్యూజియం ఆయన సేకరణ పునాది మీద లేచిందే. అసలు పడవను ఓడెక్కించడం కష్టం గనక ఆ కాలపు సేకర్తలు బుల్లి పడవలతో సరిపెట్టుకునేవారు. అలమరలో పట్టాలని పొడవు కుదించడం, చేతికి గట్టిగా తగలాలని గోడలు మందంగా ఉంచడం ఇలాంటి నమూనాలకు ఎక్కడైనా పట్టే జబ్బు. కొనేవాడికి ముచ్చటగానే ఉంటుంది. పడవ మాత్రం అందులో ఉండదు.

మరి నమూనాకు ఏ కొలత ఎంచుకోవాలి? అమెరికా కుర్రాళ్లు పాత ఫోర్డ్ కార్ల మడ్‌గార్డులు పీకేసి, బరువు తగ్గించి పందేలకు దింపిన హాట్ రాడ్‌ల నమూనాలకు 1/25 కొలత బాగా వాడుకలో ఉంది. 1958లో ఏఎంటీ కంపెనీ ఆ కొలతలోనే తన విడిభాగాల కిట్లు తెచ్చింది. హోడీకి ఆ కొలత వాడితే ఏమవుతుంది? వెడల్పు 60 సెంటీమీటర్లు అనుకుందాం. పొడవు 7 మీటర్ల 20, మాను 9 మీటర్లు. నమూనా పొడవు 29 సెంటీమీటర్లకు కాస్త తక్కువ, వెడల్పు 2.4. అసలు గోడ అంగుళం మందమైతే నమూనాలో అది ఒక మిల్లీమీటరు. ఉలి కాస్త జారితే చిల్లే. 1/12 తీసుకుంటే పొడవు 60 సెంటీమీటర్లు, వెడల్పు 5, గోడ రెండు మిల్లీమీటర్లు. ఇది చేతికి లొంగే కొలత.

పోర్ట్ బ్లెయిర్‌లో బొమ్మలు చెక్కేది ఎక్కువగా పడౌక్ కర్రతో. ఎర్రగా, నునుపుగా అందంగానే ఉంటుంది, కానీ బరువు, గట్టితనం ఎక్కువ. పందెం పడవకు నేనైతే కొండపల్లి బొమ్మల తెల్ల పొణికినే ఎంచుకుంటాను. తేలికైన, మెత్తని కర్ర అది, పలచగా చెక్కినా మాట వింటుంది. ముందు బయటి ఆకారం తీర్చి, తర్వాతే లోపల తొలచాలి. దీవుల్లో కూడా వరుస అదే. తొలిచాక పడవను నిప్పు సెగకు పట్టి, కర్ర మెత్తబడ్డప్పుడు పక్కలు విచ్చుకునేలా చేస్తారు. బుల్లి పడవకు వేడినీటి ఆవిరి చాలు.

ఆ తర్వాత పక్క దుంగ. ఇంత సన్నని పడవ ఒంటరిగా అలల మీద నిలవదు. ఒక పక్కన నీటి మీద తేలే దుంగ, దాన్ని పడవతో కలిపే అడ్డకర్రలు, వాటిని బిగించే కట్లు. మేకులు వద్దు. మన తీరంలో మసూలా పడవ పలకల్ని కొబ్బరి పీచు తాడుతో కుట్టినదీ ఇందుకే. అల కొట్టినప్పుడు కట్టు కొంచెం కదిలి సర్దుకుంటుంది, మేకు కొట్టిన చోట కర్ర చీలుతుంది.

ఈ పడవల వ్యాపారంలో చౌరా దీవిది చిత్రమైన స్థానం. పట్టుమని పది చదరపు కిలోమీటర్లు లేని ఆ నేల మీద పెద్ద మానులు లేవు. అయినా ఇతర దీవుల్లో తొలిచిన పడవలు చౌరా చేతుల మీదుగానే కార్ నికోబార్‌కు చేరేవి. కార్ నికోబార్ వాళ్లు డెబ్బై కిలోమీటర్ల పైచిలుకు సముద్రం దాటి, నక్షత్రాల్ని చూసుకుంటూ అక్కడికి వెళ్లేవారు. కుండలు కూడా అక్కడివే. చౌరా ఆడవాళ్లు చేసే ఆ కుండలకు మట్టి తెరెస్సా దీవి నుంచి వచ్చేది.

2004 డిసెంబర్ 26న సునామీ తీరపు ఊళ్లను ఊడ్చేసింది. పడవలు పోయాయి, పడవ చెక్కడం తెలిసిన పెద్దలూ పోయారు. 2001లో 42,068 ఉన్న నికోబార్ జిల్లా జనాభా 2011 నాటికి 36,842కు తగ్గింది. ఆ తర్వాత మళ్లీ హోడీలు చెక్కారు, మళ్లీ పందేలు వేశారు. దీన్ని నేను గొప్ప విషయంగా చూస్తాను. వచ్చిన సాయం పడవల్ని ఇవ్వగలదు గానీ, మానును చూడగానే అందులో పన్నెండు వెడల్పుల పడవ ఉందో లేదో చెప్పే కంటిని ఇవ్వలేదు.

నమూనా పూర్తయ్యాక నీళ్ల తొట్టెలో వదిలి చూడాలి. మ్యాన్ నికోబార్‌లో వస్తువులు పోగుచేస్తున్న 1870ల్లోనే ఇంగ్లండ్‌లోని టార్కీలో విలియం ఫ్రౌడ్ ఓడల నమూనాల్ని తొట్టెలో లాగించి లెక్కలు కట్టాడు. ఆయన సూత్రం ప్రకారం 1/12 నమూనా వేగం అసలు పడవ వేగంలో మూడున్నరో వంతు దగ్గర ఉంటే అలలు అసలు పడవకు లేచినట్టే లేస్తాయి. బరువు మాత్రం 1,728వ వంతుకు దిగాలి. తెడ్డు వేసేవాళ్లతో కలిపి పడవ 690 కిలోలు తూగుతుందనుకుంటే నమూనా 400 గ్రాముల దగ్గర ఆగాలి. చిన్న ఇసుక సంచులు మనుషులు కూర్చునే చోట్ల పెట్టి, పక్క దుంగ నీటిలో ఎంత మునిగిందో చూసి, అడ్డకర్రల కట్లు ఎక్కించడమో దించడమో చేయాలి. పీఠం కింద పడవ ఏ దీవిదో, వెడల్పు ఎంతో, ఏ కొలతకు కుదించారో రాసి పెడితే తర్వాతి చెక్కేవాడికి పని సులువవుతుంది.