బొడ్డు చుట్టు సూదులు

కుక్క కఱచినచో బొడ్డు చుట్టు పదునాలుగు సూదులు వేయుదురను మాట వినని తెలుగువారు అరుదు. పిల్లలు సూదికి భయపడిరి. వైద్యులను బాధించిన భయము వేఱు: ఆ మందే ఒక్కొక్కప్పుడు మెదడువాపు కలిగించుచుండెను.

1885 జూలై 6వ తేదీన పారిస్ నగరమున లూయీ పాశ్చర్, వెఱ్ఱికుక్క కాటు తిన్న తొమ్మిదేండ్ల జోసెఫ్ మైస్టర్‌కు ఎండిన కుందేటి వెన్నుపాముతో సిద్ధపఱచిన టీకా ఇప్పించెను. బాలుడు బ్రదికెను. రేబీస్ వైరస్ నాడులలో పెరుగును గనుక, మందునకును నాడులే మూలమయ్యెను. 1911లో కసౌలీయందు డేవిడ్ సెంపుల్, కార్బాలిక్ ఆమ్లముతో ఆ వైరస్‌ను చంపి టీకా చేయు పద్ధతిని వెల్లడించెను. తరువాత మన దేశమున గొఱ్ఱె మెదడులతో ఈ టీకా విరివిగా తయారయ్యెను.

అయితే టీకా పొందినవారిలో కొందఱకు కొన్నాళ్లకే జ్వరము, తలనొప్పి వచ్చి కాళ్లు పడిపోయెడివి. కొందఱు మరణించిరి. మందులో వైరస్ చావక మిగిలెనా? న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సంస్థలో థామస్ రివర్స్, ఆయన సహచరులు 1933, 1935 సంవత్సరములలో దీనికి సమాధానము చూపిరి. ఏ వైరస్ లేని ఆరోగ్యవంతములైన కుందేళ్ల మెదడు పదార్థమును కోతులకు పలుమాఱు సూది ద్వారా ఎక్కించిరి. కొన్ని కోతులకు పక్షవాతము కలిగెను. వాని మెదడులో వాపు కనబడెను. నాడీతంతువులను కప్పెడి మైలిన్ పొర చెడియుండెను.

దోషము వైరస్‌ది కాదు. పరాయి మెదడుపై పోరుటకు మేల్కొన్న దేహరక్షణ, పోలిక చేత తన మెదడునే శత్రువని భ్రమించెను. ఇంటి కావలివాడు ఇంటివారినే దొంగలనుకొన్నట్లు! మల్టిపుల్ స్క్లెరోసిస్ వంటి వ్యాధుల పరిశోధనకు ఈ ప్రయోగమే త్రోవ చూపినది.

ఇది తెలిసియు వైద్యులు ఆ టీకాను వెంటనే విడువలేకపోయిరి. టీకా వలని ముప్పు కొలదిమందికే. లక్షణములు పొడసూపిన రేబీస్ నుండి బయటపడినవారో అత్యంత అరుదు. చౌకయైన మందు మఱొకటి లేదు. మన దేశమున మెదడు టీకా తయారీ 2004 చివర ఆగినది. నేడు ప్రయోగశాలలో పెంచిన కణములతో చేసిన టీకాను కొలది మోతాదులలో చేతికి వేయుచున్నారు.

బొడ్డు చుట్టు సూదులు పోయినవి. వాని భయము మాత్రము ఇంకను పోలేదు. ఆ భయముతో కాటును దాచవలదు. గాయమును వెంటనే సబ్బుతో, ధారగా పడు నీటితో పదునైదు నిమిషములు కడిగి, ఆలసింపక వైద్యుని కడకు పోవలెను. నేటి సురక్షితమైన సూది వెనుక, నాటి మందుతో కాళ్లు పోగొట్టుకొన్నవారి బాధయు ఉన్నదని మఱువరాదు.