మాత్ర చేరింది, పాఠం చేరలేదు

ఉత్తరాంధ్ర సాహిత్యాన్ని గురించి రాసేటప్పుడు మన విమర్శకులు బోదకాలును లెక్కలోకి తీసుకోరు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో కాయకష్టం మీద బతికే మనిషిని మూల కూర్చోబెట్టిన జబ్బు అది. 2004లో దేశవ్యాప్తంగా సామూహిక మందుల పంపిణీ మొదలయ్యాక డి.ఇ.సి. మాత్రలు మా ఊరి గడపకూ వచ్చాయి. ఆ రోజుల్లో నా తరగతిలో ఒక పిల్ల లేచి అడిగింది: "మాస్టారూ, ఈ మాత్ర ముందల ఎవులికి ఏసి సూసినారు?" తెలుగు ఎం.ఏ. చదివిన నా దగ్గర జవాబు లేకపోయింది.

జవాబు ఒక తెలుగువాడి చరిత్రలోనే ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనకు నాయకత్వం వహించారు. ఆయన బృందం ఈ మందును ఫైలేరియా జాతి పురుగులు సోకిన కాటన్ ర్యాట్ ఎలుకలకూ, కుక్కలకూ ఇచ్చి పరీక్షించి 1947లో ఫలితాలు ప్రకటించింది. మరుసటి ఏడే సుబ్బారావు చనిపోయారు. మనం ఆయన్ను మహనీయుడని కీర్తించాం. ఆ ఎలుకల్ని ఎలా సాకాలి, మోతాదు ఎలా కట్టాలి, ఎన్ని జంతువులతో సరిపెట్టాలి అనే విద్యను మాత్రం పట్టించుకోలేదు. వీరపూజగా సాగే చరిత్ర రచనకు పద్ధతి కనిపించదు.

ఆ పద్ధతి ఎందుకంత ముఖ్యం? శిక్షణ లేని చేయి జంతువును అనవసరంగా బాధిస్తుంది. బాధపడిన జంతువు నుంచి వచ్చే ఫలితం నమ్మదగింది కాదు. ప్రయోగం మళ్లీ చేయాలి, మళ్లీ కొన్ని ప్రాణాలు పోవాలి. 1959లో రస్సెల్, బర్చ్ అనే ఇద్దరు ఇంగ్లండు శాస్త్రజ్ఞులు మూడు సూత్రాలు చెప్పారు: వీలైనచోట జంతువుకు బదులు వేరే మార్గం, తక్కువ జంతువులు, తక్కువ బాధ. మన 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కూడా పుస్తకాలు, నమూనాలు, ఫిల్ములతో బోధన సాధ్యమైతే ప్రయోగాన్ని మానాలంటుంది. అంటే చట్టం దృష్టిలో మంచి పాఠం ఒక ప్రాణానికి సమానం. అలాంటి పాఠాన్ని తాళం వేసి దాచడం న్యాయమా?

రస్సెల్, బర్చ్ గ్రంథం నేడు ఎవరైనా ఉచితంగా చదవవచ్చు. ఇలా అందరికీ తెరిచిన బోధన సామగ్రికి యునెస్కో వేదికపై 2002లో ఒక పేరు కూడా పెట్టారు. కాని ఇంగ్లీషు ఇనుప తలుపు అయినచోట ఉచితం అనే మాట సగం నిజమే. ప్రయోగశాలలో మేత వేసే, బోను కడిగే కార్మికుడికి ఆ పాఠం ఏ భాషలో అందుతోంది?

శాస్త్రానికి తెలుగు చాలదనే వాదం మనకు కొత్తది కాదు. 1863లో శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి జీవితమంతా అలాంటి వాదాలతోనే పోరాడారు. సవర భాష నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు రాసి, సవర పిల్లలకు బడులు పెట్టారు. చదువును మనిషి దగ్గరకు, అతని మాటలోనే తీసుకెళ్లడం ఈ నేల సంప్రదాయం.

శాస్త్ర రచన సాహిత్యం కాదని పక్కన పెట్టే అలవాటును అభ్యుదయ రచయితలు వదలాలి. ప్రయోగశాల పాఠాలు తేట తెలుగులో, అందరూ ఉచితంగా పంచుకునేలా రావాలి. శాస్త్రజ్ఞులతో కలిసి కూర్చుని ఆ పని చేయవలసింది మనమే. ఆ పిల్ల ప్రశ్నకు నేను బాకీ ఉన్న జవాబు ఇదే.