వహమ్ కాదు, మరజ్

ఉర్దూలో ఒక నానుడి ఉంది. వహమ్‌కు హకీం లుక్మాన్ దగ్గర కూడా దవా లేదంటారు. వహమ్ అంటే లేనిది ఉందనుకోవడం, మనసు పుట్టించిన భ్రమ. మన ఇళ్ళల్లో ఈ మాట ఎక్కువగా ఎవరి మీద పడుతుందో గమనించండి. ఒళ్ళంతా నొప్పులని, రాత్రంతా పడుకున్నా తెల్లారి లేవలేకపోతున్నానని చెప్పే ఆడవాళ్ళ మీద. రక్తపరీక్ష నార్మల్, ఎక్స్‌రే నార్మల్, స్కానింగ్ నార్మల్. రిపోర్టులన్నీ బాగున్నాయి కాబట్టి దర్ద్ అబద్ధమన్న ఫైసలా వచ్చేస్తుంది.

ఇలాంటి బాధల్లో రెండింటికి వైద్యశాస్త్రంలో పేర్లున్నాయి. ఒకటి ఫైబ్రోమైయాల్జియా. నెలల తరబడి ఒంట్లో అన్ని వైపులా నొప్పి, నిద్రపోయినా తీరని బడలిక, మతిమరుపు. రెండోది మయాల్జిక్ ఎన్‌సెఫలోమైలైటిస్, లేదా క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్. పొట్టిగా ఎంఈ/సీఎఫ్ఎస్ అంటారు. ఇందులో చిన్న పని చేసినా ఆ మర్నాడో, రెండో రోజో మనిషి కుప్పకూలిపోతాడు. రెండూ ఒకటి కాదు, కానీ రెండూ కలిసి ఉన్న మరీజులు చాలామంది. ఈ జబ్బుల తారీఖ్ చదివితే అర్థమయ్యేది ఒకటే. ఇది మందుల చరిత్ర కన్నా గవాహీ చరిత్ర. మరీజు ఇచ్చిన సాక్ష్యాన్ని ఎవరు నమ్మారు, ఎవరు కొట్టిపారేశారు అన్నదే ఈ కథంతా.

పదకొండో శతాబ్దంలో ఇబ్నె సీనా రాసిన అల్ ఖానూన్ ఫిత్తిబ్‌లో నొప్పిని 15 రకాలుగా విడదీశాడు. గుచ్చే నొప్పి, బరువు నొప్పి, తిమ్మిరి నొప్పి, ఇలా. వాటిలో ఒకదాని పేరు ఇయాయీ, అంటే అలసట నొప్పి. అలసటలోని రకాల గురించి విడిగా కూడా చర్చించాడు. ఆయనకు ఫైబ్రోమైయాల్జియా తెలుసని నేను అనడం లేదు. అలా అంటే తారీఖ్‌కు జుల్మ్ చేసినట్టే. నేను చెప్పేది వేరు. ఆనాటి తబీబ్ దగ్గర ఉన్నవి నబ్జ్, మూత్ర పరీక్ష, మరీజు మాట. ఆ మాటను శ్రద్ధగా వినాలంటే నొప్పికి ఇన్ని పేర్లు కావలసి వచ్చాయి. 1895లో ఎక్స్‌రే వచ్చింది, సూక్ష్మదర్శినులు అప్పటికే ఉన్నాయి. వాటి వల్ల లక్షల ప్రాణాలు నిలిచాయి. కానీ వాటి కంటికి కనిపించని నొప్పికి దిక్కు లేకుండా పోయింది.

ఏటా మే 12న ఈ జబ్బుల గురించి అవగాహన దినం జరుపుతారు. అది ఫ్లోరెన్స్ నైటింగేల్ పుట్టినరోజు. క్రిమియా యుద్ధంలో ఇస్తాంబుల్‌లోని ఉస్కుదార్ సైనిక దవాఖానాలో పనిచేసిన ఆమె 1855లో తీవ్రమైన జ్వరంతో పడిపోయింది. 1857 తర్వాత ఏళ్ళ తరబడి ఎక్కువ కాలం మంచం మీదే గడిపింది. అది బ్రూసెల్లోసిస్ అయి ఉండవచ్చని నేటి పరిశోధకులు కొందరంటారు. ఆ మంచం మీది నుంచే హిందుస్తాన్ ప్రజల ఆరోగ్యం గురించి, కరువుల గురించి, సాగునీటి గురించి రాసింది. మన గోదావరి ఆనకట్ట కట్టిన సర్ ఆర్థర్ కాటన్‌తో ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపింది. హిందుస్తాన్‌లో మాత్రం ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదు. ఆమె కాలంలో కూడా ఆమె జబ్బు నాటకమేనని గుసగుసలాడినవాళ్ళున్నారు.

1869లో న్యూయార్క్ నరాల వైద్యుడు జార్జ్ బియర్డ్ ఇలాంటి అలసటకు న్యూరస్థీనియా అని పేరు పెట్టాడు. నరాల శక్తి ఖర్చయిపోవడమన్న మాట. దీనికి కారణాలుగా ఆవిరి యంత్రం, టెలిగ్రాఫ్, పత్రికలు, విజ్ఞాన శాస్త్రాలు, స్త్రీల మేధోశ్రమలను చెప్పాడు. పత్రికల వాళ్ళం మేం కూడా ముల్జిమ్‌లమే! అదే కాలంలో సైలస్ వీర్ మిచెల్ అనే డాక్టరు స్త్రీలకు విశ్రాంతి చికిత్స కనిపెట్టాడు. వారాల పాటు మంచం దిగకూడదు, పాలు తాగాలి, చదవకూడదు, రాయకూడదు. ఆ ఇలాజ్ అనుభవించిన రచయిత్రి షార్లట్ పెర్కిన్స్ గిల్మన్ 1892లో దాని మీద ఎల్లో వాల్‌పేపర్ అనే కథ రాసింది. ఆ కథలో డాక్టరు ఆమె భర్తే. భార్య చెప్పేది తప్ప అన్నీ వింటాడు.

నొప్పి వైపు నడిచిన కథ వేరు. 1904లో లండన్ వైద్యుడు విలియం గోవర్స్ కండరాల నొప్పికి ఫైబ్రోసైటిస్ అన్నాడు. ఆ పేరులో వాపు అన్న అర్థం ఉంది. ఎంత వెతికినా వాపు దొరకలేదు. అయినా ఆ తప్పుడు పేరు 70 ఏళ్ళు నడిచింది. 1976లో ఫైబ్రోమైయాల్జియా అన్న మాట వచ్చింది. 1981లో బంగ్లాదేశ్ మూలాలున్న డాక్టర్ మహమ్మద్ యూనుస్ అమెరికాలోని ఇల్లినాయ్‌లో 50 మంది మరీజులను, అదే వయసు ఆరోగ్యవంతులతో పోల్చి తహ్ఖీఖ్ చేశాడు. గ్రామీణ బ్యాంకు యూనుస్ కాదు, ఈయన వేరు. మరీజులు చెప్పే లక్షణాలు ఒక దానితో ఒకటి ముడిపడి ఉన్నాయని, ఆరోగ్యవంతుల్లో అలా లేవని అంకెలతో చూపించాడు. 1990లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ నియమాలు పెట్టింది. ఒంటి మీద 18 చోట్ల నొక్కి చూడాలి, 11 చోట్ల నొప్పి ఉండాలి. 2010లో ఆ నొక్కుడు లెక్క తప్పనిసరి కాదన్నారు. మరీజు చెప్పే లక్షణాలకే మార్కులు వేయడం మొదలైంది. అంటే గవాహీకి మళ్ళీ విలువ వచ్చింది.

ఎంఈ కథ దవాఖానాల్లో మొదలైంది. 1934లో లాస్ ఏంజెలిస్‌లో పోలియో వ్యాపించినప్పుడు అక్కడి కౌంటీ జనరల్ హాస్పిటల్ సిబ్బందిలో 198 మంది వింత జబ్బున పడ్డారు. పోలియోలా ఉంది, పోలియో కాదు. 1948లో ఐస్‌లాండ్‌లోని అకురేరి పట్టణంలోనూ ఇలాంటిదే వచ్చింది. 1955 జూలైలో లండన్ రాయల్ ఫ్రీ హాస్పిటల్ వంతు. నవంబరు నాటికి 292 మంది సిబ్బంది జబ్బుపడ్డారు. వారిలో 255 మందిని అడ్మిట్ చేయవలసి వచ్చింది. హాస్పిటల్‌ను జూలై 25న మూసి, అక్టోబరు 5న గానీ తెరవలేకపోయారు. అక్కడి అంటువ్యాధుల వైద్యుడు మెల్విన్ రామ్సే తన సహోద్యోగుల బాధను కళ్ళారా చూశాడు. తర్వాత జీవితమంతా ఈ మరీజుల తరఫున నిలబడ్డాడు. 1956లో లాన్సెట్ పత్రిక ఈ జబ్బుకు పేరు సూచించింది. 1969లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని నరాల వ్యాధుల జాబితాలో చేర్చింది.

మరుసటి ఏడాదే, 1970లో, మెక్‌ఎవెడీ, బియర్డ్ అనే ఇద్దరు మానసిక వైద్యులు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. రాయల్ ఫ్రీలో జరిగింది సామూహిక హిస్టీరియా అన్నారు. జబ్బుపడిన వారిలో స్త్రీలు ఎక్కువగా ఉండడం వారి దలీల్‌లలో ఒకటి. పదిహేనేళ్ళ నాటి కేస్ షీట్లు చదివారు. ఒక్క మరీజును కూడా పరీక్షించలేదు. జర్నలిజంలో మాకు మొదట నేర్పేది, ఎవరి మీద వార్త రాస్తున్నావో వాళ్ళతో మాట్లాడమని. ఆ పని చేయకుండా వేసిన తోహ్మత్ రెండు మూడు దశాబ్దాలు బతికింది.

1984లో అమెరికాలో తాహో సరస్సు ఒడ్డున ఇన్‌క్లైన్ విలేజ్‌లో మళ్ళీ చాలామంది పడిపోయారు. పత్రికలు దీన్ని యప్పీ ఫ్లూ అని ఎగతాళి చేశాయి. 1988లో క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్ అని అధికారికంగా నామకరణం జరిగింది. ఆ పేరు ఎంత నష్టం చేసిందో చెప్పలేం. ఫటీగ్ అంటే థకన్. ఎవరికి లేదు థకన్? నాకూ అలసటగానే ఉంది, నేను పనికి పోవడం లేదా అనడానికి ప్రతి ఒక్కరికీ హక్కు దొరికింది.

ఇక 2011లో వచ్చింది పేస్ ట్రయల్. బ్రిటన్‌లో 641 మంది మీద చేసిన పరీక్ష. మాటల చికిత్స, క్రమంగా పెంచే వ్యాయామాలతో కొంత మెరుగవుతుందని తేల్చారు. 22 శాతం మంది కోలుకున్నారని తర్వాత ప్రకటించారు. మరీజులు లెక్కలు తిరగేశారు. శారీరక సామర్థ్యంలో 65 మార్కులో, అంతకన్నా తక్కువో వస్తేనే జబ్బు మనిషిగా ట్రయల్‌లో చేర్చుకున్నారు. కోలుకున్నట్టు లెక్కించడానికి మాత్రం మొదట 85 అని పెట్టుకున్న హద్దును 60కి దించారు. అంటే మార్కులు తగ్గినా ఆ లెక్కలో కోలుకున్నట్టే. ఆస్ట్రేలియాలోని ఒక మరీజు సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాడు. యూనివర్సిటీ ఇన్‌కార్ చేసింది. 2016లో ట్రిబ్యునల్ ఆదేశంతో వివరాలు బయటికొచ్చాయి. మొదట అనుకున్న నియమాలతో లెక్కిస్తే 22 శాతం కాస్తా ఒక చికిత్సలో 7, మరో దానిలో 4 శాతమైంది. మామూలు వైద్యం తప్ప ఏ అదనపు చికిత్సా లేని వారిలో 3 శాతం.

2015లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ వేల పరిశోధనలు చదివి, ఇది మానసిక జబ్బు కాదు, ఒంటిని పట్టే తీవ్రమైన మరజ్ అని చెప్పింది. శ్రమ తర్వాత వచ్చే పతనమే దీని అసలు గుర్తు అంది. 2021 అక్టోబరులో బ్రిటన్ వైద్య సంస్థ నైస్ కూడా పెంచుకుంటూ పోయే వ్యాయామ చికిత్స ఇవ్వవద్దని మార్గదర్శకాలు మార్చింది. అదే ఏడాది ఫైబ్రోమైయాల్జియా మరీజుల రక్తంలోని యాంటీబాడీలను ఎలుకల్లోకి ఎక్కిస్తే వాటికి నొప్పి పెరిగింది. ఎలుకకు వహమ్ ఉండదు కదా! 2025లో ఎడిన్‌బరో పరిశోధకులు ఎంఈ/సీఎఫ్ఎస్‌తో సంబంధమున్న 8 జన్యు ప్రాంతాలను గుర్తించారు. కోవిడ్ వచ్చి పోయాక నెలల తరబడి తేరుకోని వాళ్ళలో చాలామందికి ఇవే లక్షణాలు కనిపించడంతో, పాత మరీజులు చెప్పింది ప్రపంచానికి అర్థమైంది.

మన వాళ్ళు తెలుసుకోవలసింది కొంత ఉంది. ఈ రెండు జబ్బులనూ ఒక్క రక్తపరీక్షతో తేల్చలేరు. థైరాయిడ్, రక్తహీనత, షుగర్, విటమిన్ లోపాలు, కీళ్ళవాతం లాంటివి ఉన్నాయేమో ముందు చూడాలి. కాబట్టి ఇది చదివి ఎవరికి వారు జబ్బు పేరు పెట్టుకోవద్దు. ఫైబ్రోమైయాల్జియాలో నెమ్మదిగా మొదలుపెట్టిన నడక, తేలికపాటి వ్యాయామం మేలు చేస్తాయి. 2007 నుంచి దీనికి వాడుతున్న ప్రీగాబలిన్ లాంటి మందులు కొందరికి పని చేస్తాయి, అందరికీ కాదు. ఎంఈ/సీఎఫ్ఎస్‌లో మాత్రం ఒంటిని బలవంతపెడితే ముప్పే. అక్కడ శక్తిని రేషన్ సరుకులా పొదుపుగా వాడుకోవాలి. బాగున్న రోజున ఇల్లంతా కడిగేస్తే తర్వాత వారమంతా మంచమే. రెండు జబ్బులకూ ఒకే సలహా చెప్పేవాళ్ళతో జాగ్రత్త.

సబర్ చేయమ్మా అని మనం తేలిగ్గా అనేస్తాం. సబర్ మరీజు చేస్తూనే ఉంది. మన వంతు యఖీన్ చేయడం. ఈసారి ఇంట్లో ఎవరైనా ఒళ్ళంతా నొప్పులంటే రిపోర్టులు చూపించమనే ముందు రెండు మాటలు అడగండి. మొన్న, నిన్న ఏం పని చేశావు? పడుకుని లేచాక ఒంట్లో ఎలా ఉంది? తెలిసిన డాక్టరు కూడా ముందు అడిగేది ఇవే. జవాబులు ఒక నోటుబుక్కులో రాసిపెట్టి దవాఖానాకు తీసుకెళ్ళండి. గంటకు ఇరవై మందిని చూసే డాక్టరు ముందు ఆమె గవాహీకి అదే సబూత్.