ఈ పలకకు బలపం ఎవరిస్తారు?

మన బడి స్వర్ణోత్సవ కమిటీ మొదటి సమావేశంలోనే ఒక ప్రతిపాదన వచ్చింది. పూర్వ విద్యార్థుల తరఫున బడికి గుర్తుండిపోయేది ఏదైనా ఇవ్వాలి, తొమ్మిదో తరగతి పిల్లలకు తలా ఒక ట్యాబ్ ఇస్తే బాగుంటుంది అని. చెయ్యెత్తి సమర్థించిన వాళ్లలో నేనూ ఉన్నాను. నాచారం పారిశ్రామికవాడలో సర్క్యూట్ బోర్డులు చేసే చిన్న యూనిట్‌లో ఇరవై ఏళ్లకు పైగా పనిచేసినవాణ్ణి కాబట్టి, సంచికకు ట్యాబ్‌ల చరిత్ర రాసే పని నాకే అప్పజెప్పారు. తీరా రాయడానికి కూర్చుని పాత సంగతులన్నీ వరుసగా పెట్టుకుంటే, ఎత్తిన చెయ్యి మెల్లగా దించుకోవాల్సి వచ్చింది. ఎందుకో మీ ముందు పెడుతున్నాను.

మన ప్రాంతానికి కంప్యూటర్ కొత్తది కాదు. నాచారం దాటి కాస్త ముందుకు వెళితే ఈసీఐఎల్. 1967లో అయ్యగారి సాంబశివరావు గారి సారథ్యంలో మొదలైన ఆ సంస్థ పేరుతోనే 1969లో టీడీసీ-12 కంప్యూటర్ వచ్చింది. మన దేశంలో తయారై అమ్మకానికి వచ్చిన తొలి కంప్యూటర్లలో అది ఒకటి. పేరులోని మొదటి అక్షరం ట్రాంబేది. సాంబశివరావు గారి పేరు ఏ.ఎస్.రావు నగర్‌గా మన బస్సుల బోర్డుల మీద ఇప్పటికీ తిరుగుతోంది. మన తరగతిలో ఎంతమంది నాన్నలు ఆ ఫ్యాక్టరీ బస్సు ఎక్కేవారో, ఎన్ని ఇళ్లలో ఈసీ టీవీ ముందు వాకిట్లో పిల్లలంతా చేరేవారో మీకు నేను చెప్పాలా! మన చేతుల్లో మాత్రం అప్పుడు ఉన్నది పలకా బలపమే.

చేతిలో పట్టే కంప్యూటర్ ఊహ కూడా ఆ రోజులదే. 1972లో అమెరికాలో అలన్ కే అనే శాస్త్రవేత్త 'డైనాబుక్' పేరుతో ఒక ఆలోచన రాశాడు. పుస్తకమంత సైజులో, పిల్లలు చదువుకోవడానికీ, రాసుకోవడానికీ, సొంతంగా ఏదైనా తయారుచేయడానికీ పనికొచ్చే యంత్రం అది. ఆయన ఉద్దేశంలో అది చూసే వస్తువు కంటే చేసే వస్తువు. ఆ తేడాను గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

తర్వాత చాలామంది ప్రయత్నించారు. 1989లో గ్రిడ్‌ప్యాడ్, 1993లో ఆపిల్ న్యూటన్, 2002లో మైక్రోసాఫ్ట్ ట్యాబ్లెట్ పీసీ వచ్చాయి. ధర, బరువు, బ్యాటరీల్లో ఏదో ఒకటి వాటిని మామూలు ఇళ్ల దాకా రానివ్వలేదు. మన దేశంలో బెంగళూరు శాస్త్రవేత్తలు సింప్యూటర్ చేశారు. చదువు రానివాళ్లకు కూడా పనికిరావాలని భారతీయ భాషల్లో మాట్లాడే ఏర్పాటు దానికి పెట్టారు. ఆలోచన ఎంతో గొప్పది, కానీ అమ్మకాలు అంతంతమాత్రం. చివరికి 2010 ఏప్రిల్‌లో ఐప్యాడ్ అమెరికా దుకాణాల్లోకి వచ్చాక ప్రపంచమంతా ట్యాబ్ పేరు ఎత్తుకుంది. 2011 జనవరిలో అది మన దేశానికి వచ్చినప్పుడు దాని ప్రారంభ ధర 27,900 రూపాయలు. అప్పట్లో మా యూనిట్‌లో చాలామందికి అది నాలుగైదు నెలల జీతం.

అదే ఏడాది అక్టోబర్ 5న ఢిల్లీలో కేంద్ర మంత్రి కపిల్ సిబల్ 'ఆకాశ్' ట్యాబ్‌ను విడుదల చేశారు. కాలేజీ విద్యార్థులకు చవకగా అందించాలన్నది లక్ష్యం. ఐఐటీ రాజస్థాన్ పర్యవేక్షణలో డేటావిండ్ అనే కంపెనీ దాన్ని తెచ్చింది. ప్రభుత్వానికి పడిన ధర దాదాపు 50 డాలర్లు, అంటే అప్పటి లెక్కలో రెండు వేల చిల్లర. దాన్ని బిగించింది మన హైదరాబాద్‌లోనే! ఆ వార్త చదివిన రోజు మా యూనిట్‌లో భోజనాల వేళ వేరే మాట లేదు. టీడీసీ-12 తర్వాత మళ్లీ మన ఊరి పేరు కంప్యూటర్ మీద పడిందని పొంగిపోయాం. బజారులో అమ్మిన రకానికి వాళ్లు పెట్టిన పేరు యూబిస్లేట్. స్లేట్ అంటే పలకే కదా!

సంబరం ఎక్కువ రోజులు నిలవలేదు. ఆకాశ్‌లో 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ మెమరీ, 7 అంగుళాల తెర ఉండేవి. ఆ తెర వేలితో తాకితే పలికేది కాదు, గట్టిగా నొక్కాలి. బ్యాటరీ మూడు గంటల ముచ్చట. 2012 నవంబర్ 11న రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ చేతుల మీదుగా విడుదలైన ఆకాశ్-2లో ఈ లోపాలు చాలావరకు సర్దారు. తాకితే పలికే తెర, 1 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ వచ్చాయి. అప్పటి మానవ వనరుల మంత్రి మన కాకినాడవాసి పళ్లంరాజు గారు. వస్తువు మీదే దృష్టంతా పెట్టవద్దన్న అర్థంలో 2013లో ఆయన మాట్లాడారు. క్రమంగా ఆ పథకమే కనుమరుగైంది.

ఇక్కడ ఎవరూ పెద్దగా పట్టించుకోని సంగతి ఒకటుంది. ఆకాశ్ నడిచింది ఆండ్రాయిడ్ 2.2 మీద. ఆండ్రాయిడ్‌లో తెలుగు అక్షరాలకు చోటు దొరికింది 2012లో వచ్చిన 4.1తో. అంటే తెలుగు గడ్డ మీద బిగించిన పలక తెలుగు అక్షరం దిద్దలేకపోయింది. మన పలకకు భాషాభేదం ఉండేదా?

ఆ రోజుల్లోనే మా అమ్మాయి కోసం బజారులో ఒక చవక ట్యాబ్ కొన్నాను. ఎనిమిది నెలలకు చార్జింగ్ పిన్ను ఊడింది. బోర్డులు చేసేవాణ్ణి, పిన్ను నేనే అతికించగలిగాను. ఆ తర్వాత తెర పగిలింది. తెర ధర కొత్త ట్యాబ్ ధరలో సగానికి పైన చెప్పారు, అది కూడా నెల రోజులు ఆగితేనట. ట్యాబ్ అటక ఎక్కింది. నా చేతిలో పనితనం ఉండి కూడా విడిభాగం లేక ఏమీ చేయలేకపోయాను. ఏ పనీ తెలియని తల్లిదండ్రులు ఏం చేస్తారు?

ఈలోగా ఫోన్లు పెద్దవయ్యాయి. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చి డేటా చవకైంది. అయిదారు అంగుళాల ఫోన్ ఉన్నవాడికి ఏడు అంగుళాల ట్యాబ్ ఎందుకు? ప్రపంచవ్యాప్తంగా కూడా 2014 తర్వాత ట్యాబ్ అమ్మకాలు తగ్గుముఖం పట్టాయి.

కోవిడ్ మళ్లీ ట్యాబ్‌ను గుర్తుచేసింది. 2020 సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణలో సర్కారు బడుల పిల్లలకు టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ఛానళ్లలో పాఠాలు మొదలయ్యాయి. అప్పుడు ఎక్కువ ఇళ్లలో ఆదుకున్నది పాత టీవీనే. ట్యాబ్ ఉన్న ఇల్లు అరుదు, ఒక్క ఫోన్‌ను ముగ్గురు పిల్లలు పంచుకున్న ఇళ్లు ఎన్నో.

పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబర్ 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో మొదలుపెట్టి ఎనిమిదో తరగతి పిల్లలకూ టీచర్లకూ కలిపి అయిదు లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచారు. అవి ఆకాశ్ లాంటివి కావు, మంచి కంపెనీవి. వాటిలో బైజూస్ పాఠాలు ముందే ఎక్కించి ఇచ్చారు. 2024 జూలైలో ఆ పాఠాల కంపెనీ దివాలా విచారణలో పడింది. పలక బాగున్నా దాని మీద రాసేవాళ్లు రేపు ఉంటారో లేదో చెప్పలేం.

మరి ట్యాబ్ మామూలు మనిషికి పనికిరాదా? అలా అనను. మా అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లు. డల్లాస్‌లో ఉన్న మనవడితో రోజూ ట్యాబ్‌లోనే మాట్లాడుతుంది. ఫోన్‌లో అక్షరాలు ఆనవు, ల్యాప్‌టాప్ అంటే భయం. తెలుగులో నోటితో అడిగి కావలసిన కీర్తన పెట్టుకుంటుంది. 2016లో వచ్చిన 'అన్‌మోల్' యాప్‌తో ఏఎన్ఎం చెల్లెళ్లు గర్భిణుల, పసిపిల్లల వివరాలు లావుపాటి రిజిస్టర్లకు బదులు ట్యాబ్‌లో నింపుతున్నారు. చూడాలి, చదవాలి, గడులు నింపాలి అనుకునే చోట ట్యాబ్ చక్కగా సరిపోతుంది. పేజీలకు పేజీలు రాయాలన్నా, లెక్క చేసి చూపాలన్నా, ప్రోగ్రాం నేర్చుకోవాలన్నా అది చాలదు. తొమ్మిదో తరగతి పిల్లాడికి ఎక్కువగా కావలసినవి ఆ రెండో రకం పనులే. అలన్ కే ఊహించిన 'చేసే వస్తువు' ఇంకా మన చేతికి రాలేదు.

ఈ వ్యాసం సగంలో ఉండగా మన లెక్కల సార్ ఇంటికి వెళ్లాను. రిటైరై చాలా ఏళ్లయినా పాత విద్యార్థి వస్తే ఇప్పటికీ ముందు ఎక్కాలే అడుగుతారు. ట్యాబ్‌ల సంగతి చెప్పాను. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ అన్నారు:

"మంచిదే రా. పలక ఇస్తరు సరే, బలపం ఎవరిస్తరు?"

"అంటే ఏంటి సార్?"

"మీ నాయన నీకు పలక ఒక్కసారే కొనిచ్చిండు. బలపం ఏడాదంతా కొన్నడు. పలక పగిలితే చెక్క చట్రం మార్పిచ్చిండు. ఇప్పుడు చెప్పు, ఆ ట్యాబుల బలపం ఖర్చు మీ లెక్కల రాసిన్రా?"

రాయలేదు. మా అంచనాలో ఉన్నది కొనుగోలు ధర ఒక్కటే. మరమ్మతు, పగిలే తెరలు, చార్జింగ్ పాయింట్లు, తెలుగు పాఠాలు, టీచర్లకు శిక్షణ, వాటికి కావలసిన సమయం ఏవీ లేవు. ఆకాశ్ నుంచి ఇవాళ్టి దాకా పథకాలు తడబడింది ఈ లెక్క దగ్గరే.

అందుకని కమిటీ ముందు, మీ అందరి ముందు నా సవరణ పెడుతున్నాను. తలా ఒకటి వద్దు. బడి గ్రంథాలయానికి ఇరవై ట్యాబ్‌లు ఇద్దాం. ఇళ్లకు కాకుండా పీరియడ్ ప్రకారం తరగతులకు వెళ్లి వస్తాయి. చూపు తక్కువ ఉన్న పిల్లలకు, చదవడంలో వెనకబడిన వాళ్లకు మొదటి హక్కు. వాటితో పాటు కీబోర్డు ఉన్న కంప్యూటర్లు అయిదారు. నిధిలో మూడో వంతు ముట్టుకోకుండా మూడేళ్ల బలపం ఖర్చుకు పక్కన పెడదాం. మరమ్మతు పని నా వంతు. ప్రతి రెండో శనివారం టంకం కర్ర పట్టుకుని బడికి వస్తాను. కూడా ఇద్దరు ముగ్గురు పిల్లలు కూర్చుంటే, విప్పి చూపిస్తూ నేర్పుతాను.

తుది నిర్ణయం స్వర్ణోత్సవం రోజు సర్వసభ్య సమావేశంలో మీదే. చెయ్యెత్తే ముందు సార్ అడిగిన ప్రశ్నను ఒక్కసారి గుర్తుచేసుకోండి. సార్ ముందు వరుసలోనే కూర్చుంటారు.