కరీంనగర్ మీద ఒక ఓజోన్ లెక్క

జనవరి తెల్లవారుజాము. హైదరాబాద్ ఈసీఐఎల్ దగ్గర, టాటా ఇన్‌స్టిట్యూట్ వారి బెలూన్ కేంద్రంలో మీరు నిలబడి ఉన్నారనుకోండి. చలికి చేతులు జేబుల్లోంచి రావడం లేదు. బల్ల మీద తెల్లటి థర్మోకోల్ పెట్టె, అందులో చిన్న పంపు, పక్కన రెండు బుల్లి గిన్నెల్లో నీళ్లలా కనబడే పొటాషియం అయోడైడ్ ద్రావణం. ఇదే ఓజోన్ సోండ్. ఒక కుర్రాడు గాజుగొట్టంలో సబ్బు బుడగను పైకి ఎక్కిస్తూ స్టాప్‌వాచ్ నొక్కాడు. 100 మిల్లీలీటర్ల గీత చేరేసరికి 30 సెకన్లకు కాస్త తక్కువ.

"ఇంకొక్కసారి చూడు తమ్మీ."

"చూసిన సార్, గంతే వస్తుంది."

ఈ పట్టింపు నాకు చాలా ఇష్టం. పంపు ఎంత గాలి పీలుస్తుందో సరిగ్గా తెలియకపోతే తర్వాత వచ్చే ఏ అంకెనూ నమ్మలేం. పీల్చిన గాలిలోని ఓజోన్ ద్రావణంలోంచి అయోడిన్‌ను విడగొడుతుంది. ఒక్కో ఓజోన్ అణువుకు రెండు ఎలక్ట్రాన్లు తీగలో కదులుతాయి. ఆ కరెంటు కొన్ని మైక్రోఆంపియర్లే.

బెలూన్ వదిలారు. సెకనుకు 5 మీటర్ల చొప్పున లేస్తోంది. చలికాలపు పడమటి గాలులు పైన దాన్ని తూర్పుకు తోస్తాయి, ఒక్కోసారి ఈశాన్యంగా కరీంనగర్ వైపు కూడా. మీ కళ్లు కంప్యూటర్ తెర మీదే ఉన్నాయి. 17 కిలోమీటర్ల దగ్గర చలి మైనస్ 80 డిగ్రీలు, ఓజోన్ గీతలో ఇంకా పెద్ద కదలిక లేదు. అది దాటగానే గీత ఎగబాకుతుంది. 25 దాటాక శిఖరం. 30 దాటి ఇంకాస్త పైకి పోయాక రబ్బరు బెలూన్ పగిలిపోతుంది, పెట్టె పారాచూట్‌తో దిగుతుంది.

మధ్యాహ్నానికి మీరు కరీంనగర్ దగ్గర, కాకతీయ కాలువ కింద యాసంగి నాట్లు పడుతున్న మడి గట్టు మీద ఉన్నారు. తలెత్తితే నీలాకాశమే. 700 కిలోమీటర్ల పైన ఆరా ఉపగ్రహం దాటిపోతోంది. 2004లో నాసా పంపింది. దాని ఓమీ పరికరం 2,600 కిలోమీటర్ల వెడల్పున, గాలి నుంచి తిరిగి పైకొచ్చే అతినీలలోహిత కాంతిని కొలుస్తుంది. కరీంనగర్, ఆదిలాబాద్ రెండూ ఒకే చూపులో పడతాయి. అది చెప్పే లెక్క 250 డాబ్సన్ యూనిట్లకు అటూఇటూ. ఆ ఓజోనంతా నేల మీదికి దింపి పరిస్తే రెండున్నర మిల్లీమీటర్ల మందం. ఎండలో వంగి నాటేస్తున్న ఆ ఆడవాళ్లకూ అతినీలలోహిత కిరణాలకూ మధ్య ఉన్నది అంతే.

మరి ఆ అంకె నిజమేనా? సోండ్ కొలిచింది పొద్దున, గాలి తోసిన ఏటవాలు దారిలో. ఉపగ్రహం కొలిచింది మధ్యాహ్నం, నేల నుంచి పైదాకా మొత్తం. రెంటినీ నేరుగా పక్కపక్కన పెట్టలేం. ఇక్కడ వాతావరణ నమూనా పని మొదలవుతుంది. గాలులు ఓజోన్‌ను ఎటు మోశాయో లెక్కగట్టి ముందుగా ఒక అంచనా వేస్తుంది. ఉపగ్రహం కొలత రాగానే అంచనాలో ఎంత తప్పుండొచ్చు, కొలతలో ఎంత తప్పుండొచ్చు అని తూచి రెంటినీ కలుపుతుంది. దీన్నే డేటా అసిమిలేషన్ అంటారు. అప్పుడు సోండ్ పోయిన దారిలోనే, అదే వేళకు, నమూనా ఏం చెబుతోందో తీసి సరిచూడొచ్చు. నాసా వారి మెర్రా-2లో గడి దాదాపు 50 కిలోమీటర్లు. ఏ సోండూ ఎగరని ఆదిలాబాద్ పత్తి చేల మీది గడికీ అందులో అంకె ఉంటుంది.

కొలతకూ అంచనాకూ తేడా రోజూ ఒకే వైపు ఒరుగుతుంటే ఎక్కడో లోపముందన్నమాట. ఉపగ్రహాల కళ్లూ మసకబారతాయి. 2007 జూన్ నుంచి ఓమీ చూపులో కొన్ని వరుసలు చెడిపోయాయి, ఆ కొలతలను పక్కన పెట్టాల్సి వచ్చింది. ఇలాంటివి పట్టుకోవాలంటే నేల నుంచి లేచే స్వతంత్ర సాక్షి ఉండి తీరాలి.

సోండ్ అంకెలు రేడియోలో ముందే చేరిపోతాయి. కానీ అదే కేంద్రం ఎగరేసే పెద్ద ప్లాస్టిక్ బెలూన్ల పెట్టెల్లో ఖరీదైన పరికరాలుంటాయి, అవి తిరిగి దొరకాలి. మీ చెలకలో పారాచూట్‌తో పెట్టె కనబడితే భయపడకండి, తెరవకండి, వైర్లు పీకకండి. దాని మీద రాసి ఉన్న చిరునామాకు గానీ, దగ్గరి పోలీస్ స్టేషన్‌కు గానీ కబురు చేయండి.