యాచకులును, ఒక పరదేశియు

పరదేశమున కాపురముండువానికి అచ్చటి వీధిబిచ్చగాడు ఒక విషమపరీక్ష. స్వదేశమున మన వాకిట "మాదాకబళం, తల్లీ!" యను కేక వినవచ్చినప్పుడు ఏమి చేయవలెనో అలవాటే మనకు చెప్పును. గుప్పెడు బియ్యము జోలెలో పోయుటయో, "చేయి ఖాళీ లేదు, పొమ్ము" అనుటయో జరిగిపోవును, ఆలోచనతో పనిలేదు. పరాయియూరిలో అట్లు కాదు. చేయి చాచినవాని భాష రాదు. వాడు చెప్పునది నిజమో, కల్లయో తెలియదు. ఇచ్చినయెడల మోసపోయితినేమో యనియు, ఈయనియెడల కఠినుడనైతినేమో యనియు మనస్సు పీకుచుండును. అప్పుడు కొందరు "ఈ దేశపు దారిద్ర్యమును చక్కబెట్టుటకు నేనెవ్వడను?" అని తల త్రిప్పుకొని పోవుదురు. కొందరు "ఈ జనులెంత హీనులు!" అని తమ యింటికి జాబులు వ్రాయుదురు.

ఈ రెండు త్రోవలను విడిచి మూడవ త్రోవ త్రొక్కిన పరదేశి యొకడు పదునెనిమిదవ శతాబ్దమున నుండెను. అతడు సర్వవిధముల ఆదర్శపురుషుడని చెప్పుట నా యుద్దేశము కాదు. అతని చరిత్రమున మెచ్చదగినదియు, జంకదగినదియు రెండును గలవు. అయినను దానధర్మములను గూర్చి తలపోయు గృహస్థులకు దానివలన తెలియవలసిన సంగతులు కొన్ని గలవు.

ఆతని పేరు బెంజమిన్ థాంప్సన్. 1753వ సంవత్సరమున అమెరికాయందలి మసాచుసెట్సు సీమలో వూబర్న్ అను గ్రామమున ఒక సామాన్య కర్షకకుటుంబమున జన్మించెను. పందొమ్మిదేండ్ల ప్రాయమున ధనికురాలగు నొక వితంతువును వివాహమాడెను. అమెరికా వలసలు ఆంగ్లరాజుపై తిరుగబడినప్పుడు రాజుపక్షము వహించి, 1776లో భార్యను, పసికూతును విడిచి ఇంగ్లండునకు వెడలిపోయెను. పిదప బవేరియా దేశము నేలుచుండిన కార్ల్ థియోడోర్ అను ప్రభువు కొలువున చేరి, సైన్యవ్యవహారములను చక్కబెట్టు నధికారము సంపాదించెను. 1792లో అతనికి కౌంట్ రమ్‌ఫర్డ్ అను బిరుదు లభించెను. ఉష్ణము ఒక ద్రవ్యము కాదనియు, అది చలనరూపమనియు ఫిరంగులు తొలుచుచోట కనిపెట్టి 1798లో వాదించిన శాస్త్రజ్ఞుడు ఇతడే. మనకిప్పుడు కావలసినది ఆతని శాస్త్రము కాదు. బవేరియా రాజధానియగు మ్యూనిక్ నగరపు వీధులలో ఆతడు చేసిన పని.

ఆ కాలమున మ్యూనిక్ జనసంఖ్య సుమారు 60,000. ఆ వీధులలో, దేవాలయద్వారములలో, అంగళ్ల ముంగిళ్లలో భిక్షుకులు గుంపులు గుంపులుగా నుండిరి. రమ్‌ఫర్డ్ తరువాత వ్రాసిన వ్యాసములలో వారి వృత్తాంతమును విపులముగా వర్ణించియున్నాడు. ఏ వీధి ఏ బిచ్చగానిదో వారిలో వారికి కట్టుబాట్లుండెనట. ఒకని హద్దులోనికి మరియొకడు రాగూడదు. ఒకడు చనిపోయినయెడల ఆ చోటునకై పోరు జరుగును. గెలిచినవానికి అది స్థిరమైన హక్కగును. వారిలో వారికే వియ్యములును జరుగుచుండెను. అన్నిటికంటె ఘోరమైనది పిల్లలగతి. చూపరుల జాలిని రేకెత్తించుటకై పసివాండ్రను దొంగిలించి, అంగహీనులను గావించు క్రూరులుకూడ నుండిరని ఆతడు చెప్పుచున్నాడు.

ఇంతమంది యెదుట ఇదంతయు జరుగుచుండగా నగరవాసు లేల యూరకుండిరి? వారు దయలేనివారు కారు; దినదినము ఇచ్చుచునే యుండిరి. ఆ యీవియే చిక్కు. పీడ వదిలించుకొనుటకు ఇచ్చుటయు, పుణ్యమునకై యిచ్చుటయు కలిసిపోయి, ఏది యేదో ఇచ్చువానికే తెలియకుండెను. పుట్టినది మొదలు చూచిన దృశ్యము కంటికి ఆనదు. పరదేశియైన రమ్‌ఫర్డునకు ఆనినది. అతనికి ఆ నగరమున బంధువులు లేరు, పూర్వాచారములు లేవు; మతమునకూడ అతడు ప్రొటెస్టెంటు, నగరమో కాథలిక్కులది. తల త్రిప్పుకొని పోవుటకు అతనికంటె మంచి సాకు గలవాడు లేడు. అయినను పోలేదు. ఇందు స్వార్థమును లేకపోలేదు. సైనికులకు వలయు వస్త్రములను చవుకగా నేయించుట ఆతని యుద్యోగధర్మములలో నొకటి. స్వార్థమును, పరోపకారమును ఒకే బండికి కట్టుట ఆతని స్వభావము.

ఆతని నేర్పు యాచకులను పట్టుటలో లేదు. పట్టుటకు ముందు చేసిన పనిలో గలదు. ఈజారు నది కావలియొడ్డున ఆవు అను పేటయందు ఒక పాడుపడిన కార్ఖానాను సంపాదించి బాగుచేయించెను. అందు వంటశాల, భోజనశాల, రొట్టెలు కాల్చుచోటు, వడకుటకును నేయుటకును వేరువేరు శాలలు ఏర్పరచెను. జనపనార, అవిసెనార, ఉన్ని, రాట్నములు, మగ్గములు ముందే సమకూర్చెను. ఆ గృహద్వారమున "ఇచ్చట భిక్షము పుచ్చుకొనబడదు" అను నర్థము గల మాటలను బంగారు అక్షరములతో వ్రాయించెను. నగరమును 16 భాగములుగ విభజించి, ఒక్కొక్క భాగమునకు ఒక గౌరవనీయుడగు పౌరుని పర్యవేక్షకునిగ నియమించెను. అతనికి తోడుగ మతగురువు, వైద్యుడు మొదలగువారు జీతము లేకయే పనిచేయ నొప్పుకొనిరి. ఇదంతయు సిద్ధమగువరకు ఒక్క బిచ్చగాని జోలికైనను పోలేదు.

1790వ సంవత్సరము జనవరి 1వ తేదీ వచ్చెను. నూతనసంవత్సరదినమున అందరును ధర్మము చేయుదురు గనుక యాచకులందరును వీధులలోనే యుందురు. ఆనాడు ఉదయమున సేనానాయకులను వీధుల మొగల నిలిపి, రమ్‌ఫర్డ్ పురాధికారులతో కూడ బయలుదేరెను. వారు వీధిలోనికి అడుగిడిరో లేదో, ఒక బిచ్చగాడు వచ్చి చేయి చాచెను. రమ్‌ఫర్డ్ వాని భుజముపై మెల్లగ చేయి వేసి, ఇకమీదట నగరమున భిక్షాటనము కూడదనియు, నిజముగ అక్కరయున్నయెడల తగిన సాయము దొరకుననియు చెప్పి, ఒక సార్జెంటునకు అప్పగించి పురమందిరమునకు పంపెను. పిమ్మట తనవెంట నున్న యధికారుల వైపు తిరిగి, మొదటి బిచ్చగానిని తాను స్వహస్తముతో పట్టుకొంటిననియు, ఈ పనివలన ఎవ్వరి గౌరవమునకును లోపము రాదనియు తెలియజెప్పెను. బిచ్చగానిని తాకుట సేనానాయకునకు అవమానకరమని తలచు కాలమది. గంటసేపైనను కాకముందే వీధులలో యాచకుడన్నవాడు కానరాలేదు.

చదువరులు ఇచ్చట నొక విషయమును గమనింపవలెను. పురమందిరమునకు కొనిపోబడినవారిని చెరలో వేయలేదు. వారి పేర్లు, ఊళ్లు, నివాసములు వ్రాసికొని, ఆనాడే వారివారి గుడిసెలకు పంపివేసిరి. మరునాడు పనిశాలకు వచ్చినయెడల వెచ్చని గదులును, వేడి యన్నమును, చేయగలవారికి కూలి దొరకు పనియు లభించునని చెప్పిరి. ఆ వారమున పట్టుబడినవారు 2,600 మంది యని ఆతడు వ్రాసెను.

వచ్చినవారిలో అనేకులకు రాట్నము త్రిప్పుట తెలియదు. మొదటి నెలలలో వారు పాడుచేసిన నారకు లెక్కలేదు. ఆ నష్టమును ఆతడు ముందుగనే యెరిగి సహించెను. కొట్టుటగాని, తిట్టుటగాని కూడదని కఠినమైన కట్టడి చేసెను. చేసిన పనికి తగిన కూలి యిచ్చుచు, బాగుగ చేసినవారికి బహుమానము లిచ్చుచుండెను. దుర్జనులను ముందు సజ్జనులుగ మార్చి, తరువాత సుఖపెట్టవలెనని లోకము తలచుచుండగా, ఈ క్రమమును తలక్రిందు చేసి, ముందు వారిని సుఖపెట్టినయెడల సద్గుణములు వాటంతటవే వచ్చునేమో చూడరాదా యని ఆతడు ప్రశ్నించెను. శుభ్రతయు, వెచ్చదనమును, మర్యాదయు మనుష్యుని మార్చునని ఆతని విశ్వాసము.

పిల్లల విషయమున చేసిన యుపాయము చిత్రమైనది. పనిచేయు శాలల చుట్టును ఎత్తైన పీటలు వేయించి, చిన్నపిల్లలను ఊరక కూర్చుండబెట్టుచుండిరి. తోటిపిల్లలు రాట్నములు త్రిప్పుచుండ చూచి చూచి, ఊరక కూర్చుండలేక, తమకును పని యిమ్మని వారే యేడ్చువరకు పని యిచ్చువారు కారు. అక్కడనే చదువును, వ్రాతయు, లెక్కలును నేర్పుచుండిరి. ఈనాటి మన దృష్టికి పసిబిడ్డలచేత నూలు వడికించుట సమ్మతము కాదు. కాని వీధిలో చేయి చాచుటకై అంగహీనులు గావింపబడిన బిడ్డల ప్రక్కన నుంచి చూచినప్పుడు ఆ పీటల విలువ తెలియును.

భోజనము మాట చెప్పవలెను. మన గృహిణులకు అది రుచించును. తక్కువ ఖర్చున ఎక్కువమంది కడుపు నింపు ఆహారమేదియని ఆతడు చిరకాలము పరీక్షలు చేసెను. బార్లీగింజలు, బఠాణీలు, బంగాళాదుంపలు, ఉప్పు, వెనిగరు కలిపి, సన్నని సెగపై చాలసేపు కాచి, ఎండురొట్టెముక్కలు వేసి వడ్డించు చిక్కని చారు ఆతని పేరనే ప్రసిద్ధి కెక్కినది. ఆనాడు బవేరియాజనులకు బంగాళాదుంపయనిన ఏవము. అందుచేత మొదట దానిని చాటున వండించి, ఆనవాలు తెలియనంతగ కరగించి కలుపుచుండెను. రుచి మరగిన పిదపగాని రహస్యము బయటపెట్టలేదు. వంటచెరకు వృథా కాకుండ మూతపొయ్యిలను కల్పించెను.

ధనమెట్లు వచ్చెను? ఇదివరలో బీదల పేర చందాలు పోగుచేసినవారు ప్రజల నమ్మకమును చెడగొట్టియుండిరి. కనుక రమ్‌ఫర్డ్ మొదట చేయి చాపలేదు. వీధులు శుభ్రపడి, పనిశాల నడుచుట అందరును కన్నులార చూచిన తరువాతనే ఇంటింటికి పత్రములు పంపెను. ఎవరికి తోచినంత వారు వ్రాయవచ్చును, ఏమియు వ్రాయకపోవచ్చును. దానికి ప్రతిగా గృహస్థులు వాకిట భిక్షము పెట్టుట మానవలెను. వాకిటి పిడికెడు, నెలనెల చందాగ మారెను. ఈ మార్పులోనే సంస్కారమంతయు నిమిడియున్నది. యాచకుడు చేయి చాపుట మానుటకు ముందు దాత చేయి విసరుట మానవలెను.

కొంతకాలమునకు రమ్‌ఫర్డ్ జబ్బుపడి ప్రాణాపాయస్థితిలో నుండగా, పనిశాలయందలి బీదలు వందలకొలది బారులు తీరి దేవాలయమునకు పోయి, ఆతని కొరకు ప్రార్థించిరట. అన్యదేశీయునకై, అన్యమతస్థునకై, నిన్నటి బిచ్చగాండ్రు చేసిన ప్రార్థన! తనకు లభించిన బిరుదులన్నిటికంటె దీనినే ఎక్కువగ నెంచుకొన్నట్లు ఆతని వ్రాతవలన తెలియుచున్నది.

ఇక రెండవ వైపు చూడవలెను. ఈ వృత్తాంతములో చాలభాగము ఆతడు స్వయముగ వ్రాసికొన్నదే. పనిశాలలో రాట్నము త్రిప్పిన ముసలమ్మ ఏమనుకొన్నదో వ్రాసినవారు లేరు. ఆతని మెత్తని చేతివెనుక మూడు పటాలముల బలముండెను. రానన్నవాని కేమి దారి? బీదలకు చవుకకూడు కనిపెట్టుట, వారి కూలి పెంచవలసిన బాధ్యతను తప్పించుకొనుట యగునని కార్ల్ మార్క్సు 1867లో ప్రకటించిన తన గ్రంథమున ఈ చారును పరిహసించెను. అందులోను సత్యము లేకపోలేదు. మరియొకటి: 2,600 మంది పరాయివారి సుఖమునకు దారి కనిపెట్టిన యీతడు తన భార్యను మరల చూడనేలేదు. కూతురు 1796లో తండ్రిని చేరునప్పటికి ఆమెకు ఇరువదిరెండేండ్లు దాదాపు వచ్చియుండెను. లోకోపకారి గృహధర్మమున లోపించుట మన సంస్కర్తలలోను చూచితిమి.

మన దేశపు సంగతి. 1959 నాటి బొంబాయి భిక్షాటన నిరోధక చట్టము, యాచించుటయే నేరముగ నెంచెను. ఆ చట్టము ఢిల్లీలో అమలగుచుండగా, అందలి ముఖ్యమైన విధులను 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టివేసెను. 2021లో సుప్రీంకోర్టు, యాచన ఆర్థికసాంఘిక సమస్య యనియు, యాచకులను వీధులనుండి తొలగింపుడని తాము ఉత్తర్వు చేయజాలమనియు తెలిపినది. హైదరాబాదులో 2017 నవంబరున, ఒక అంతర్జాతీయ పారిశ్రామిక సదస్సునకు కొలదిదినముల ముందు, రెండు నెలలపాటు భిక్షాటనము నిషేధింపబడినది. పట్టుబడినవారిలో పలువురిని కారాగారముల యావరణలోని ఆశ్రయములకు చేర్చిరి. మ్యూనిక్‌లో పరదేశి చూచెను గనుక యాచకునకు పని దొరకినది. మరియొకచోట పరదేశి చూచునేమో యని యాచకుని చాటు చేసిన, అది సంస్కారము కాదు. అతిథి వచ్చువేళ చెత్తను తలుపుచాటునకు ఊడ్చుట వంటిది.

ఈనాడు మన తెలుగువారు దేశదేశములలో కాపురములున్నారు. అక్కడి వీధిలో చేయి చాచినవానిని చూచినప్పుడు, "ఇచ్చుటయా, మానుటయా?" యను ప్రశ్న ఒక్కటే మిగులుచున్నది. రమ్‌ఫర్డ్ చరిత్రమువలన తెలియునది, ఆ ప్రశ్న చాలదని. వాడు రేపు పోవుటకు చోటేది? చేయుటకు పనియేది? ఆ యూర అట్టి చోటు ఉన్నయెడల దానికి నెలనెల మన పాలు చేరుచున్నదా? పరదేశియైనంతమాత్రమున ఈ ప్రశ్నలు మనవి కాకపోవు. స్వదేశమున వాకిట జోలె పట్టినవాని విషయమునను ఇవియే ప్రశ్నలు; కాని అక్కడ అలవాటు వాటిని అడుగనీయదు.

రమ్‌ఫర్డునకు పటాలములుండెను, ప్రభువు ఖజానాయుండెను. మనకు అవి లేవు. కాని వానిని ప్రయోగింపకముందే ఆతడు చేసిన రెండు పనులు మనకును సాధ్యములే. పొమ్మనకముందు పోవుటకు చోటు సిద్ధము చేయుట ఒకటి. ఆ మాట చెప్పునప్పుడు భుజముపై చేయి వేసి చెప్పుట రెండవది.