కాళ్ళ తిమ్మిరి: మన డెల్టా చరిత్రలో ఒక పుట

ఈ శతవార్షికోత్సవ సంచికకు ఒక వ్యాసము వ్రాసి ఇవ్వవలసినదిగా సంపాదకవర్గమువారు కోరినారు. దేవాలయముల కట్టడములను గురించి, గురువుల సేవను గురించి నాకంటె బాగుగా వ్రాయగల పెద్దలు మన సంఘములలో అనేకులున్నారు. కనుక నేను వేరొక సంగతి ఎత్తుకొంటానని మనవి చేసి వారి అనుమతి పొందినాను. అది మన పాదములను గురించిన సంగతి.

నా రెండు పాదములకు పన్నెండేండ్లుగా స్పర్శ సరిగా లేదు. మొదట బొటనవ్రేళ్ళ దగ్గర చీమలు పాకినట్లుండేది. తరువాత అరికాళ్ళ క్రింద దూది పరచినట్లయినది. రాత్రివేళ మంటలు. ఒకనాడు రాజోలులో పని చూచుకొని, బస్సు దిగి ఇంటికి నడిచి వచ్చినప్పుడు మా మనుమరాలు “తాతయ్యా, రెండో చెప్పేది?” అని అడిగినది. చెప్పు ఎక్కడ జారిపోయినదో నాకు తెలియదు. మడమలో గాజుపెంకు దిగి ఉన్నది, అదీ తెలియదు. తరువాత కాకినాడ వెళ్ళి అన్ని పరీక్షలు చేయించుకొన్నాను. షుగరు లేదు. రక్తములో విటమినుల లోపము లేదు. కాళ్ళకు కరెంటు పెట్టి నరములను పరీక్షించి చివరకు ఆ డాక్టరుగారు, “మాస్టారూ, నరాలు దెబ్బతిన్నమాట నిజమే. ఎందుచేతనో మాత్రం చెప్పలేను” అన్నారు. తెలియనిది తెలియదని చెప్పిన ఆయన మీద నాకు గౌరవము పెరిగినది.

ఊరిలో మాత్రము తెలియనివారు ఎవరూ లేరు. వాతమన్నవారు, నీరు పట్టిందన్నవారు, చేతబడి అన్నవారు కూడ ఉన్నారు. మన సంఘములోనే ఒకరిద్దరు నా కాళ్ళవంక చూచి, కొంచెము ఎడముగా జరిగి కూర్చున్నారు. వారి పేర్లు వ్రాయను. ఆ చూపు మాత్రము నాకు కొత్తది కాదు. మా అమ్మ చెప్పగా చిన్ననాడే విన్నాను.

అది సుమారు 1935 ప్రాంతపు మాట. మా అమ్మమ్మకు వరుసగా ఇద్దరు బిడ్డలు పుట్టి, ఇద్దరూ మూడవ నెలలోనే పోయారు. బిడ్డ ఏడ్చేవాడట గాని గొంతు బయటకు వచ్చేది కాదట. పురుటి దోషమన్నారు. రెండవ కాన్పు తరువాత ఆమెకు కాళ్ళు మొద్దుబారినాయి. పిక్కలు నొక్కితే నొప్పి, నడిస్తే తూలు, పాదముల మీద వాపు. వేడి గంజి కాలి మీద ఒలికినా ఆమెకు వెంటనే తెలియలేదట. ఆ పుండు మానకపోయేసరికి ఇంటిలో ఎవరో “పెద్ద రోగము” అన్నారు. ఆ మాట పడిన తరువాత ఇక విచారణ లేదు. ఆమెకు మంచము పశువుల సావిడిలో వేశారు, కంచము వేరు చేశారు. వంతెనలు లేని ఆ రోజులలో పడవ దాటి వచ్చిన మిషను ఆసుపత్రి నర్సమ్మ ఒకామె ఒళ్ళంతా చూచి, సూదితో తాకి, “మచ్చ ఒక్కటీ లేదు, ఇది ఆ రోగము కాదు” అని చెప్పినా ఇంటివారు వినలేదు. రెండేండ్లు ఆమె ఆ సావిడిలోనే ఉండి, అక్కడే కన్ను మూసినది.

ఎనుబది, తొంబది ఏండ్లు గడచిన తరువాత, చూడని మనిషికి రోగము పేరు నిర్ణయించుట తగదని నాకు తెలుసు. అయినను పదవీ విరమణ అనంతరము నా కాళ్ళ కారణముగా ఈ విషయము చదువ మొదలుపెట్టిన నాకు, ఆ లక్షణములన్నీ ఒకేచోట వ్రాసి కనబడినవి. దానిపేరు బెరిబెరి. అది ఎక్కడిదో దూరదేశపు వ్యాధి కాదు. ఒకప్పుడు వైద్యగ్రంథములలో దానికి మన ఉత్తర సర్కారులే చిరునామా.

జాన్ గ్రాంట్ మాల్కంసన్ అను కుంపిణీ సైన్యపు వైద్యుడు, మద్రాసు వైద్య మండలివారు ప్రకటించిన బహుమతికి ఈ రోగమును గురించి ఒక గ్రంథము వ్రాశాడు. అది 1835లో మద్రాసులో అచ్చయినది. గంజాము మొదలు మచిలీపట్నము వరకు గల సిపాయిలలోను, ఖైదీలలోను కాళ్ళు మొద్దుబారి, వాచి, ఆయాసముతో మనుషులు పడిపోవుట ఆయన చూచినాడు. సముద్రతీరమున ఎక్కువ, లోపలి మెట్టప్రాంతములలో తక్కువ అని కూడ గమనించినాడు. అరికాళ్ళ మంటలను గురించి వేరుగా వ్రాసినాడు. కారణము మాత్రము ఆయనకు దొరకలేదు. ఆ కాలపు వైద్యులు తేమను, గాలిని, నీటిని అనుమానించేవారు. అన్నమును అనుమానించినవాడు లేడు. అన్నము దేవుడిచ్చిన మేలు కదా, దానిని ఎవరు అనుమానిస్తారు?

తరువాత 1847లో ధవళేశ్వరము దగ్గర ఆనకట్ట పని మొదలై 1852లో పూర్తి అయినది. కాటన్ దొరగారి పుణ్యమా అని మన మధ్య డెల్టా పచ్చబడినది. చోళ్ళు, గంటెలు, జొన్నలు తినే ఇండ్లకు కూడ వరి అన్నము వచ్చినది. ఇరవయ్యవ శతాబ్దములో బియ్యపు మరలు వచ్చి దంపుళ్ళు తగ్గినవి. తెల్లని బియ్యము గౌరవమునకు గుర్తయినది. ఇక్కడ నా అభిప్రాయముగా ఒక మాట. మరలనే నిందించుట న్యాయము కాదు. మాల్కంసన్ నాటికి మరలు లేవు. రోట్లోనైనా పొట్టు, తవుడు పోయేదాకా తెల్లగా దంచి, నాలుగు నీళ్ళు కడిగి, గంజి వార్చి తింటే ఫలితము ఇంచుమించు అదే. మర వచ్చి, ఆ పనిని అందరి ఇండ్లలోను సులువు చేసినది.

సంగతి ఏమనగా, వడ్లగింజకు పైన ఉండే తవుడు పొరలోను, మొలక దగ్గరను నరములకు కావలసిన పదార్థము ఉన్నది. అదియే బి1 విటమిను. అన్నమును శరీరము శక్తిగా మార్చుకొనుటకు అది కావలెను. అది చాలనప్పుడు అన్నిటికంటె పొడవైన నరములు ముందు దెబ్బతింటవి. నడుము దగ్గర బయలుదేరి బొటనవ్రేలి కొసదాకా సుమారు గజము పొడవున పోవు నరములవి. అందుచేతనే తిమ్మిరి కాళ్ళలో మొదలై పైకి ప్రాకును. బియ్యము కడిగిన నీళ్ళలోను, వార్చిన గంజిలోను మిగిలిన దానిలో సగము దాకా పోవచ్చును. మన ఇండ్లలో తవుడు, కడుగు, గంజి, ఈ మూడూ ఎక్కడికి పోతవి? కుడితి తొట్టిలోనికి. మా అమ్మమ్మ మంచమునకు నాలుగు అడుగుల దూరములో ఆ తొట్టి ఉండేదని అమ్మ చెప్పేది. గేదెలకు తిమ్మిరి లేదు.

బాలింతరాలి పథ్యము మరొకటి. పప్పు వద్దు, కూర వద్దు, పాతబియ్యపు అన్నము, కారప్పొడి, నెలల తరబడి. తల్లిలో బి1 లేనప్పుడు పాలలోనూ ఉండదు. తల్లికి కాళ్ళు పడిపోతే, చంటిబిడ్డకు గొంతు పూడి, గుండె ఆగిపోవును.

ఈ రహస్యము బయటపడుటకు చాలాకాలము పట్టినది. జపాను నౌకాదళములో 1880ల నాటి ఒక యాత్రలో 376 మంది నావికులలో 169 మందికి బెరిబెరి వచ్చి 25 మంది మరణించినారు. తకాకి అను వైద్యుడు ఆహారము మార్పించి 1884లో మరొక ఓడను అదే దారిన పంపగా రోగము దాదాపు కనబడలేదు. జావాలో ఐక్‌మన్ అను డచ్చి వైద్యుడు తెల్లబియ్యము తిన్న కోళ్ళకు కాళ్ళు పడిపోవుట, తవుడు పెట్టగా లేచి నిలబడుట చూచి లోకమునకు చెప్పినాడు. 1929లో ఆయనకు నోబెలు బహుమతి వచ్చినది.

కాని మన సంఘములవారు తప్పక తెలుసుకొనవలసిన పేరు మరొకటి ఉన్నది. రాబర్ట్ ఆర్. విలియమ్స్. ఈయన 1886లో మన నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ కుటుంబములో పుట్టినాడు. తెలుగు నేలమీద నడక నేర్చిన బాలుడు చిన్నతనములోనే అమెరికా వెళ్ళిపోయి, రసాయన శాస్త్రము చదివి, ఫిలిప్పీనులో మనీలాకు ఉద్యోగిగా వచ్చినాడు. అక్కడ 1910 ప్రాంతములో వెడ్డర్ అను సైనిక వైద్యుడు ఒక తవుడు కషాయపు సీసా ఆయన చేతికిచ్చి, దీనిలో ఉన్న మందేమిటో కనుగొనుమన్నాడు. బెరిబెరితో చావుబ్రతుకులలో ఉన్న పసిబిడ్డ నోటిలో ఆ కషాయము చుక్కలు వేయగా బిడ్డ తేరుకొనుట విలియమ్స్ స్వయముగా చూచినాడు. ఆ తరువాత ఆయన టెలిఫోను కంపెనీ ప్రయోగశాలలో పని చేసి జీతము తెచ్చుకొంటూ, మిగిలిన వేళలలో తవుడు వెంట పడినాడు. ఒకటి రెండు కాదు, పాతికేండ్లు. 1936లో ఆ పదార్థము నిర్మాణము తేల్చి, ప్రయోగశాలలో దానిని తయారు చేసి చూపినాడు. దానివలన వచ్చిన పేటెంటు సొమ్ములో అధికభాగము పోషకాహార లోపముల మీద పోరాడే నిధికి పోయినది. ఈనాడు మందుల షాపులో దొరికే బి1 మాత్ర వెనుక నెల్లూరులో పుట్టిన ఈ మిషనరీ బిడ్డ ఉన్నాడు. ఆయన తమ్ముడు రోజర్ విలియమ్స్ ఊటీలో పుట్టినవాడు. అతడును మరొక బి విటమినును కనుగొన్నాడు.

మా అమ్మమ్మ సావిడిలో ఉన్న రోజులలోనే కూనూరు పరిశోధనాలయములో ఏయిక్రాయిడ్ మొదలగు శాస్త్రజ్ఞులు మన జిల్లాలను పరిశీలిస్తున్నారు. వారికి ముందు మెకారిసన్ 1924లోనే ఈ విషయము వ్రాసినాడు. మన సర్కారు పేదవాడూ, దక్షిణాది అరవ పేదవాడూ ఇద్దరూ బియ్యము మీదనే బ్రతుకుచున్నారు. బెరిబెరి ఇక్కడ ఉన్నది, అక్కడ లేదు. కారణము, వారు తినేది ఉప్పుడు బియ్యము. వడ్లను నానబెట్టి ఉడికించినప్పుడు పైపొరలోని విటమిను గింజలోనికి దిగుతుంది. తరువాత మరపట్టినా కొంత నిలుస్తుంది. మనము తిన్నది పచ్చిబియ్యము. 1941లో ఏయిక్రాయిడ్, కృష్ణన్ అను వారు మన ప్రాంతపు శిశుమరణములను లెక్కించి, రెండవ నెల మొదలు ఐదవ నెల వరకు అవి ఎక్కువగా ఉన్నట్లు చూపినారు. ఆ వాక్యము చదివినప్పుడు నేను పుస్తకము మూసి కొంతసేపు అరుగు మీద కూర్చున్నాను.

ఇక “పెద్ద రోగము” సంగతి. అది కూడ నరముల రోగమే. 1873లో నార్వేలో హాన్సెన్ దాని క్రిమిని చూచినాడు. శాపము కాదని ఆనాడే తేలినా, ఆ మాట మన లంకలకు చేరుటకు చాలా ఆలస్యమైనది. కెనడియన్ బాప్టిస్టు మిషనుకు చెందిన మిస్ హాచ్ గారు రామచంద్రపురములో కుష్ఠురోగులకు ఆశ్రమము నెలకొల్పినారు. నైజాములో డిచ్‌పల్లి దగ్గర డాక్టరమ్మ ఇసబెల్ కెర్ గారి ఆసుపత్రి 1915లో మొదలైనది. 1946లో వెల్లూరు వచ్చిన డాక్టరు పాల్ బ్రాండ్ గారు కనిపెట్టినది నా వంటివారికి నేరుగా పనికివచ్చినది. రోగుల వ్రేళ్ళు ఆ రోగము తిని పోవుట లేదు. నొప్పి తెలియక కాల్చుకొని, కోసుకొని, పుండు మీద నడిచి పోగొట్టుకొంటున్నారు అని ఆయన చూపినారు. మెత్తని రబ్బరు చెప్పులు అప్పటినుండే వచ్చినవి. 1980లలో వచ్చిన బహుళ ఔషధ చికిత్సతో ఆ రోగము ఇప్పుడు పూర్తిగా నయమగుచున్నది. మందు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితము. మనుషులను వేరుచేయుటకు 1898లో చేసిన చట్టమును మాత్రము 2016లో గాని రద్దు చేయలేదు.

బెరిబెరి ఇప్పుడు మన ప్రాంతములో అరుదు. పప్పు, కూర, చేప, గ్రుడ్డు పేదఇంటికి కూడ కొంత వచ్చినవి. నేడు కాళ్ళ తిమ్మిరికి మొదట చూడవలసినది షుగరు. తరువాత సారా. బి12 లోపము మరొకటి. ఇక్కడ మన భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలచుకొనవలెను. ఆయన బృందము తయారుచేసిన ఫోలిక్ ఆమ్లము రక్తహీనతను బాగుచేసినది గాని, బి12 లోపించినవారి నరములను కాపాడలేదు. రక్తము ఎర్రబడినా కాళ్ళు మొద్దుబారుట ఆగలేదు. బి12ను 1948లో వేరుచేసిన తరువాతనే ఆ చిక్కు విడినది. ఇన్ని తెలిసినా, అన్ని పరీక్షలు చేసినా కారణము దొరకనివారు పాశ్చాత్యదేశముల లెక్కలలో కూడ నలుగురిలో ఒకరు దాకా ఉన్నారట. నేను ఆ నాలుగవవాడను.

మా ఇంటిలో జరిగినది ఆ రోజులలో చాలా ఇండ్లలో జరిగి ఉండును. ముసలివారు చెప్పిన మాటలు మీకెవరికైనా జ్ఞాపకముంటే, ఆమెకు మచ్చలుండేవా, రెండు కాళ్ళూ ఒకేసారి మొద్దుబారినవా, చంటిబిడ్డలు ఏ నెలలో పోయారు అని అడిగి చూడండి.

నా మట్టుకు నేను స్నానపు నీళ్ళు మోచేతితో చూచుకొని పోసుకొంటున్నాను. చెప్పులు లేకుండ పెరటిలోనికి కూడ పోను. రాత్రి పడుకొనేముందు మా మనుమరాలు లైటు పెట్టి నా అరికాళ్ళు చూచి, ముల్లు గాని బొబ్బ గాని ఉంటే చెబుతుంది. ఆమె అమలాపురము హాస్టలులో ఉన్న దినములలో నేల మీద అద్దము పెట్టుకొని నేనే చూచుకొంటున్నాను.